గట్టిగా పాడితే పలుకుతోంది, మెల్లగా పాడితే పలకడం లేదు

ప్రశ్న: టీచర్ గారూ, నాకు 27 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. నాది అయిదున్నర శ్రుతి. తెల్లవారుజామున అమెరికాలో ఉన్న పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు, పగలు స్కూల్లో సంగీతం టీచర్ ఉద్యోగం, పండగల రోజుల్లో గుళ్ళలో కచేరీలు. రెండు నెలలుగా తార స్థాయి గాంధారం (పై స్థాయిలోని గ) మెల్లగా అంటే రావడం లేదు. ముందు గాలి వచ్చి, ఆ తర్వాత నాదం వస్తోంది. గట్టిగా అంటే మాత్రం పలుకుతోంది. మాట్లాడితే ఎవరికీ తేడా తెలియడం లేదు. సాధన తగ్గింది, ఇంకో గంట పెంచమని మా గురువుగారు అన్నారు. డాక్టరు గారు నోట్లో లైటు వేసి చూసి, గొంతు ఎర్రగా ఉందని యాంటీబయాటిక్ ఇచ్చారు. అయిదు రోజులు వాడినా తేడా లేదు. అమ్మ రోజూ మిరియాల కషాయం పెట్టి ఇస్తోంది. దసరాకి ఏడు కచేరీలు ఒప్పుకున్నాను. గొంతు బాగాలేదని నలుగురికీ తెలిస్తే మళ్ళీ పిలవరేమోనని టెన్షన్‌గా ఉంది. ఇది నిజంగా సమస్యేనా, నా భ్రమా? (ఒక పాఠకురాలు, తెనాలి)

సమాధానం: అమ్మా, భ్రమ కాదు. మెల్లగా అంటే రావడం లేదు, గట్టిగా అంటే వస్తోంది అని రాశావు చూడు, అసలు విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. పాడేవాళ్ళ గొంతులో తేడా మొదలైతే మొట్టమొదట బయటపడేది చాలాసార్లు అక్కడే. జీర రావడం, బొంగురుపోవడం, పాట మధ్యలో గొంతు పూడుకుపోవడం ఆ తర్వాత వచ్చేవి. చాలామంది అవి వచ్చేదాకా ఆగుతారు. నేనూ ఆగాను, అందుకే నీ ఉత్తరం చదివిన రోజే కూర్చుని రాస్తున్నాను.

ఎందుకలా అవుతుందో ముందు చెబుతాను, అది తెలిస్తే నీకు సగం భయం పోతుంది, మిగతా సగం జాగ్రత్తగా మారుతుంది. స్వరతంత్రులు అంటాం కానీ అవి వీణ తీగల్లాంటివి కావు, మెత్తని కండ మీద పల్చటి పొర కప్పిన రెండు మడతలు. ఊపిరి వాటి మధ్య నుంచి పైకి వచ్చేటప్పుడు అవి ఒకదానికొకటి తగులుతూ, విడిపోతూ ఉంటాయి, ఆ అదురే నాదం. నీ అయిదున్నర శ్రుతిలో ఆధార షడ్జం, అంటే మొదటి స, పట్టుకుంటే సెకనుకి సుమారు 208 సార్లు, తార షడ్జంలో 415 సార్లు, ఆ పైన అంతర గాంధారం దగ్గర 520 సార్ల దాకా తగులుతాయి. ఒక్క సెకనులో అన్ని దెబ్బలు. ఇక రెండు గంటల కచేరీలో ఎన్నో నువ్వే లెక్క వేసుకో. పై స్థాయికి వెళ్ళేకొద్దీ ఆ మడతలు సాగి పల్చబడతాయి. మెల్లగా పాడుతున్నప్పుడు ఊపిరి ఒత్తిడి తక్కువ, మడతల కదలిక కూడా కొంచెమే. అలాంటప్పుడు అంచు మీద ఆవగింజంత కూడా లేని వాపు ఉన్నా చాలు, రెండు అంచులూ సరిగ్గా కలవవు, సందులోంచి గాలి జారిపోతుంది, నాదం ఆలస్యంగా అందుకుంటుంది. నువ్వు రాసింది అచ్చంగా ఇదే. గట్టిగా పాడినప్పుడు ఊపిరి బలంతో ఆ వాపుని దాటించేస్తున్నావు, స్వరం పలికింది కాబట్టి బాగానే ఉందనిపిస్తోంది, కానీ వాచిన చోటే ఇంకా బలంగా దెబ్బ తగులుతోంది.

వీణ వాయించేవాళ్ళ వేళ్ళకి కాయలు కాస్తాయి కదా, స్వరతంత్రుల మీద కూడా ఎక్కువగా తగిలే చోట, ముందు వైపు నుంచి మూడో వంతు దూరంలో, రెండు పక్కలా అలాంటివి రావచ్చు. డాక్టర్లు నాడ్యూల్స్ అంటారు. నీకు అవే ఉన్నాయని నేను చెప్పడం లేదు, ఉత్తరం చదివి ఎవరూ చెప్పలేరు. ఒకే పక్క వచ్చే పాలిప్ అనే బుడిపె కావచ్చు, పొర కింద నీటి బుడగలాంటి సిస్ట్ కావచ్చు, కడుపులోంచి పైకి తన్నే ఆమ్లం వల్ల వచ్చిన వాపు కావచ్చు, ఉత్త అలసట కూడా కావచ్చు. చూస్తేనే తెలుస్తుంది. చూడాల్సిన విధంగా చూడాలి, దాని గురించి కింద రాస్తాను.

నా సంగతి చెబుతాను. నాకు 31 ఏళ్ళప్పుడు, ఒక కార్తీక మాసంలో వరసగా కచేరీలు, పైగా ఇంట్లో పాఠాలు. పై స్థాయిలో మెత్తగా నిలబడటం కష్టమైంది. అప్పట్లో నాకు పాఠం చెప్పే పెద్దావిడ గొంతు తెరిచి పాడమన్నారు, ఇంకా తెరిచి పాడాను. ఆ నెలల్లో ఇంకొకటి కూడా జరిగింది, దాన్ని నేను అప్పుడు గుర్తుపట్టలేదు. నాకు తెలియకుండానే నా కచేరీ మారిపోయింది. తార పంచమం మీద నిలబడే సంగతులు, అంటే ఒకే వరసని మార్చి మార్చి పాడే తీరులు, వదిలేశాను. పైన చేయాల్సిన నెరవల్ (సాహిత్యంలో ఒకే పంక్తిని రకరకాలుగా అల్లుకుంటూ పాడటం) మధ్య స్థాయికి దింపాను. శ్లోకం మెత్తగా ఎత్తుకునే అలవాటు మానేసి, నిండు గొంతుతో మొదలుపెట్టడం మొదలైంది. అడిగితే అది నా మనోధర్మం, నా సొంత కల్పన అనేదాన్ని, నిజంగా అలాగే నమ్మాను కూడా. చివరికి ఒకరోజు మంగళం పాడుతుంటే గొంతులోంచి రెండు స్వరాలు ఒకేసారి వినిపించాయి. తర్వాత తొమ్మిది నెలలు కచేరీ లేదు. అదే మొదటి నెలలోనే చూపించుకుని ఉంటే కొద్ది వారాల్లో తేలిపోయేదేమోనని ఇప్పటికీ బాధపడతాను. నువ్వు కూడా ఈ రెండు నెలల కచేరీల జాబితాలు ఒకసారి తీసి చూడు, ఏ కృతి పాడటం మానేశావో, ఏ సంగతి ఎగ్గొట్టావో. గొంతు బాగుందని మనసుకి నచ్చజెప్పుకోవచ్చు కానీ ఆ జాబితా అబద్ధం చెప్పదు.

ఇప్పుడు రోజూ చేసుకునే పరీక్ష. 1990లో అమెరికాలో రాబర్ట్ బాస్టియన్ అనే గొంతు వైద్యుడు, ఆయన సహచరులు పాడేవాళ్ళ కోసం ప్రచురించిన పద్ధతి ఇది. వాళ్ళు అందరికీ తెలిసిన పుట్టినరోజు పాట మొదటి వరస వాడారు, మనం ఏ చిన్న వరసైనా తీసుకోవచ్చు, రోజూ ఒకటే ఉండాలి, అంతే. ఫోన్లో తంబురా పెట్టుకో. పక్క గదిలో పసిపాప నిద్రపోతోంది, లేవకూడదు అన్నంత చిన్న గొంతుతో ఆ వరస పాడు. తర్వాత శ్రుతి అర మెట్టు పెంచి మళ్ళీ పాడు, మళ్ళీ అర మెట్టు. ఎక్కడో ఒకచోట నాదం ఆలస్యంగా వస్తుంది, లేదా గాలి వినిపిస్తుంది, లేదా స్వరం అసలు అందుకోదు. అక్కడ ఆగిపో. గట్టిగా పాడి దాటించాలని చెయ్యి దురద పెడుతుంది, వద్దు, దాటిస్తే పరీక్షే పోతుంది. ఆగిన శ్రుతి ఏదో క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాసుకో. అదే ఎత్తులో స, స, స అని చుక్కలు పెట్టినట్టు పొట్టిగా, మెల్లగా అను. ప్రతి స కీ నాదం వెంటనే పుడుతోందా, ముందు హ్ అని గాలి వస్తోందా విను. మొత్తం మూడు నిమిషాల పని. లేచిన వెంటనే కాదు, అప్పుడు అందరి గొంతూ బరువుగానే ఉంటుంది. నాలుగు మాటలు మాట్లాడి, కాసేపు మధ్య స్థాయిలో అకారం పాడుకున్నాక, రోజూ ఒకే వేళకి చెయ్యి. ఫోన్లో రికార్డ్ కూడా చేసుకో.

ఈ పరీక్షలో ఎవరి హద్దు ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం కాదు, పక్కవాళ్ళతో పోల్చుకోకు. నీ హద్దు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత దిగింది అన్నదే చూడాలి. కచేరీ మర్నాడు హద్దు దిగి, ఒకటి రెండు రోజులు గొంతుకి విశ్రాంతి ఇస్తే మళ్ళీ పైకి వచ్చిందా, అది అలసట. విశ్రాంతి ఇచ్చినా పైకి రాకుండా అక్కడే కూర్చుందా, అప్పుడు డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. గొంతు బాగున్న రోజుల్లోనే ఈ లెక్క మొదలుపెట్టినవాళ్ళు అదృష్టవంతులు, అందుకే నా దగ్గర చేరిన పిల్లలకి వర్ణాలకి రాగానే ఇది నేర్పిస్తాను. నీ విషయంలో మాత్రం రెండు నెలలు గడిచాయి. పరీక్ష చేసుకో, కానీ ఆ ఫలితం కోసం ఆగకు. ఈ వారమే చూపించుకో.

నోట్లో లైటు వేసి నాలుక నొక్కితే కనబడేది గొంతు వెనక గోడ, టాన్సిల్స్. స్వరతంత్రులు ఇంకా కింద ఉంటాయి, అలా చూస్తే కనబడవు. అంటే నీ స్వరతంత్రుల్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఈ మాట రెండోసారి చదువుకో, ఎందుకంటే డాక్టరు చూశారు, ఏమీ లేదన్నారు అన్న ధైర్యంతో ఏళ్ళు గడిపేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాటిని బతికున్న మనిషిలో పాడుతుండగా చూసి, వివరంగా రాసినవాడు డాక్టరు కూడా కాదు, మనలాంటి సంగీతం మాస్టారు. స్పెయిన్‌లో పుట్టిన మాన్యుయెల్ గార్సియా 1854లో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, చేతి అద్దంతో ఎండని లోపలికి మళ్ళించి తన స్వరతంత్రుల్ని తానే చూసుకున్నాడు. మర్నాటి ఏడు లండన్ రాయల్ సొసైటీకి దాని మీద పత్రం సమర్పించాడు. ఇప్పుడు ముక్కులోంచి సన్నటి గొట్టం గానీ, నోట్లోంచి కెమెరా గానీ పెట్టి చూస్తారు. మత్తు మందు స్ప్రే చేస్తారు, కాస్త ఇబ్బందిగా ఉంటుంది తప్ప భయపడేంత ఏమీ ఉండదు.

నీకు కావాల్సింది స్ట్రోబోస్కోపీ. సెకనుకి వందలసార్లు అదిరేదాన్ని కన్ను పట్టుకోలేదు కదా, అదురుకి కొంచెం అటూ ఇటూగా వెలుగు మిణుకుమనిపిస్తే ఆ కదలిక నిదానంగా జరుగుతున్నట్టు కనబడుతుంది, అప్పుడే అంచుల మీద చిన్న వాపులు తెలుస్తాయి. మామూలు ఎండోస్కోపీలో చిన్నవి తప్పిపోవచ్చు. ఫోన్ చేసి, స్ట్రోబోస్కోపీ ఉందా అని అడిగాకే వెళ్ళు. విజయవాడ, గుంటూరుల్లో ఈఎన్‌టీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో ముందు విచారించు, అక్కడ లేకపోతే హైదరాబాద్ ప్రయాణమైనా పెట్టుకో. వెళ్ళాక గొంతు నొప్పి అని చెప్పకు, నేను పాడతాను, ఫలానా స్వరం మెల్లగా పలకడం లేదు అని చెప్పు. నీ క్యాలెండర్, రికార్డింగులు చూపించు. కెమెరా లోపల ఉండగా ఆ స్వరం పాడించమని అడుగు. వీడియో కాపీ తీసుకో, రెండు నెలల తర్వాత పోల్చి చూసుకోవడానికి అది బంగారం.

ఏమైనా ఉందని తేలితే గుండె జారిపోనక్కర్లేదు. నాడ్యూల్స్ అయితే ఎక్కువమందికి కత్తి పడదు. స్పీచ్ థెరపిస్ట్ దగ్గర కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, మాట్లాడే తీరు, పాడే తీరు మార్చుకుంటే తగ్గుతాయి. పాలిప్, సిస్ట్ లాంటి వాటికి ఆపరేషన్ అవసరం పడొచ్చు, అది చేసే చేతులు కూడా పాడేవాళ్ళ గొంతు అలవాటున్నవి కావాలి, తొందరపడి ఎక్కడంటే అక్కడ ఒప్పుకోకు. యాంటీబయాటిక్ మాత్రం వీటికి పనిచేయదు. ఇంకో మాట, కచేరీ రోజు గట్టెక్కడానికి స్టెరాయిడ్ తీసుకోమని పక్కనున్నవాళ్ళు సలహా ఇస్తారు. వాపుని కొన్ని గంటలు కప్పిపెట్టి, ఆ కప్పు కింద నీ చేత పాడిస్తుంది. గొంతు చూసిన డాక్టరు చెబితే తప్ప దాని జోలికి పోకు.

ఇప్పుడు నీ దినచర్య గురించి. నువ్వు కచేరీల గురించే బెంగపడుతున్నావు కానీ నాకు అంతకన్నా ఎక్కువ భయం వేసింది తెల్లవారుజాము క్లాసులూ, స్కూలూ చదివాక. అప్పుడే లేచిన గొంతుతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అవతల వాళ్ళకి వినబడుతుందో లేదోనని లాప్‌టాప్ ముందు అరుస్తూ సరళీ స్వరాలు పాడిస్తావు. చెవులు మూసుకున్నప్పుడు మన గొంతు మనకి సరిగ్గా వినబడక ఇంకా పెంచుతాం. ఒక చెవి ఖాళీగా ఉంచు, మైకు దగ్గరగా పెట్టుకో. పిల్లలు పాడుతున్నప్పుడు నువ్వు పాడకు. ఒకసారి పాడి వినిపించు, తర్వాత చేత్తో తాళం వేస్తూ విను. వాళ్ళ శ్రుతి నీదానికన్నా పైన ఉంటే, రోజూ గంటల తరబడి నీది కాని శ్రుతిలో పాడుతున్నావని అర్థం. స్కూల్లో నలభైమందిని మాటతో అదుపు చేయాలంటే ఏ గొంతూ తట్టుకోదు, చప్పట్లో, చిన్న గంటో వాడు, మెడలో తగిలించుకునే చిన్న మైకు స్పీకర్ కొనుక్కో. గొంతు మాటిమాటికీ సవరించుకునే అలవాటు ఉంటే నీళ్ళు ఒక గుక్క తాగడంతో సరిపెట్టుకో, సవరించుకున్న ప్రతిసారీ ఆ అంచులు గట్టిగా కొట్టుకుంటాయి. గొంతుకి విశ్రాంతి అని గుసగుసలాడకు, నొక్కి పెట్టి గుసగుసలాడితే అదీ శ్రమే, మాట్లాడాల్సి వస్తే మామూలుగా, నెమ్మదిగా మాట్లాడు, లేదా ఊరుకో.

అమ్మ కషాయం గురించి. ఆవిడ ప్రేమని కాదనకు, కానీ మనం మింగింది ఏదీ స్వరతంత్రుల మీద పడదు, పడితే పొలమారుతుంది. కరక్కాయ బుగ్గన పెట్టుకున్నా, పటికబెల్లం చప్పరించినా నోరు, గొంతు తడిగా ఉంటాయి, ఆ మేరకు హాయి. పరగడుపున ఘాటైన మిరియాలు కడుపులో మంట పెంచితే మాత్రం ఆమ్లం పైకి తన్ని అసలుకే మోసం వస్తుంది. వాటి దాకా నిజంగా చేరేది ఆవిరి. ఉత్త వేడినీళ్ళ ఆవిరి, మందులు కలపకుండా, పడుకునే ముందు పట్టమని చెప్పు, అమ్మకీ తృప్తిగా ఉంటుంది. కచేరీ అయ్యాక రాత్రి పదకొండింటికి బజ్జీలు, పులిహోర తిని వెంటనే పడుకోవడం మానుకో.

గురువుగారి విషయం. ఆయన మాట తీసేయమని నేనెలా చెప్పను? కానీ సాధన గంటల్లో మాత్రమే ఉండదు. యూరప్ అంతా తర్వాత తలకెత్తుకున్న స్వీడన్ గాయని జెన్నీ లిండ్ 1841లో, ఇరవై ఏళ్ళు దాటగానే, అలసి దెబ్బతిన్న గొంతుతో పాఠం చెప్పమని పారిస్ వెళ్ళింది. వెళ్ళింది ఆ గార్సియా దగ్గరికే. ఆయన పాఠం చెప్పలేదు. కొన్ని వారాలు పాడకుండా, వీలైనంత వరకు మాట్లాడకుండా ఉండి రమ్మన్నాడు. ఆ తర్వాతే మెల్లగా మొదలుపెట్టించాడు. అప్పటికి ఆయన ఇంకా అద్దం పెట్టి చూడను కూడా లేదు, చెవితో విని పట్టుకున్నాడు. మీ గురువుగారికి ఫోన్లో కాదు, ఎదురుగా వెళ్ళి, తంబురా పెట్టి ఆ గాంధారం మెల్లగా పాడి వినిపించు. గాలి ముందు రావడం ఆయన చెవికి వినబడకుండా ఉండదు. డాక్టరు గారు చూసేదాకా పై స్థాయి ఆపుతాను, స్వరజ్ఞానం, లయ, సాహిత్యం మీద పని చెప్పండి అని అడుగు. మనసులోనే నెరవల్ చేయడం కూడా సాధనే, నా తొమ్మిది నెలల్లో నేను చేసింది అదే.

ఏడు కచేరీలు. నువ్వు ఇప్పుడే ఫోన్ చేసి నాలుగు వదులుకో, బదులు పాడేవాళ్ళ పేర్లు నువ్వే చెప్పు. నిర్వాహకులు రాలేనని నెల ముందు చెప్పినవాళ్ళని మళ్ళీ పిలుస్తారు, వేదిక మీద గొంతు ఆగిపోయినవాళ్ళ గురించే అనుమానపడతారు. మిగిలిన మూడూ కూడా గొంతు చూసిన డాక్టరు సరేనంటేనే. పాడితే శ్రుతి అయిదుకి దించు, తంబురా మార్చినంత తేలిక, వినేవాళ్ళలో పదిమందికి కూడా తెలియదు. మధ్య స్థాయిలో నడిచే కృతులు ఎంచుకో. దసరా పందిళ్ళలో పక్కనే మైకుల హోరు ఉంటుంది, చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం, కాబట్టి మానిటర్ స్పీకర్ నీ వైపు తిప్పించాకే మొదలుపెట్టు, మొహమాటపడకు. ఒంటి నొప్పులకి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి కచేరీ ముందు వేసుకోకు, అవి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి, స్వరతంత్రిలో సన్నని నాళం చిట్లితే ఇబ్బంది. నెలసరి ముందు రోజుల్లో ఆ నాళాలు ఉబ్బి ఉంటాయి, అప్పుడు మరీ జాగ్రత్త. గుండె కోసం ఆస్పిరిన్ వాడే పెద్దవాళ్ళు ఇది చదివి మానేయకండి, మీ డాక్టర్ని అడగండి.

పాడుతూ పాడుతూ ఉండగా ఉన్నట్టుండి గొంతు పోతే, ఆ క్షణమే పాట ఆపెయ్యి. మంగళం కూడా పాడకు. నాళం చిట్లి రక్తం చేరిందేమో చూడాల్సిన సమయం అది, పూర్తి మౌనం, మర్నాడే డాక్టరు. 2011లో ఇంగ్లండ్ గాయని అడెల్‌కి ఇలాగే రక్తం చేరి పర్యటన మధ్యలో ఆపుకుంది, ఆపరేషన్ చేయించుకుంది, 2012 ఫిబ్రవరిలో మళ్ళీ వేదికెక్కింది. ఇక పాడినా పాడకపోయినా, బొంగురు మూడు వారాలు దాటినా, మింగడం కష్టమైనా, ఉమ్మిలో రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా, ఊపిరి ఆడకపోయినా కషాయాలతో కాలం గడపొద్దు. పద్య నాటకాలు ఆడే అన్నయ్యలకి, హరికథలు చెప్పే పెద్దలకి ఇది మరీ మరీ చెబుతున్నాను, ముఖ్యంగా చుట్ట, బీడీ, జర్దా అలవాటున్నవాళ్ళకి. గొంతు రాసుకుపోవడం మన వృత్తిలో మామూలే అనుకుని ఆగొద్దు.

రేపు ఉదయం క్లాసు అయ్యాక ముందు ఆసుపత్రులకి ఫోన్ చెయ్యి, తర్వాత నిర్వాహకులకి. పరీక్షలో ఏం కనబడిందో నాకు రాయి. వీడియో పంపగలిగితే ఇంకా మంచిది, నా పాత వీడియో కూడా తీసి పెడతాను, రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం.